వీపు మీద ఎన్ని కిలోలు? కోలారు జిల్లా సైనిక అభ్యర్థుల బరువు నడకపై ఆధారాల పరిశీలన

సైన్యంలో చేరాలనుకునే కుర్రవాడు సాధనలో వీపున ఎంత బరువు వేసుకోవాలి? ఒక కోచ్ పది కిలోలంటాడు, సెలవు మీద ఊరికొచ్చిన జవాను ఇరవై అంటాడు, ఫోన్లో చూసిన వీడియో ముప్పై అంటుంది. ఎవరి మాట వారిదే. కోలారు బంగారు గనుల ప్రాంతం (కేజీఎఫ్), చుట్టుపక్కల బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం, మాలూరు తాలూకాల అభ్యర్థులను దృష్టిలో పెట్టుకుని, ఈ ప్రశ్నకు శరీరధర్మ శాస్త్రం, సైనిక వైద్య అధ్యయనాలు ఎంతవరకు జవాబు ఇస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆధారాలు మొగ్గుతున్న వైపు ముందే చెప్పవచ్చు: సాధనలో అన్నిటికన్నా ఆఖరున పెంచాల్సింది బరువు. అంతకన్నా ముందు వేగం, దూరం, వాలు, కండబలం ఉన్నాయి. ఎంపిక మైదానం దాకా మాత్రమే చూసుకునే అభ్యర్థికి అసలు బరువే అక్కరలేకపోవచ్చు.

పరీక్షలో బరువు ఎక్కడుంది?

ముందు తేల్చుకోవాల్సింది ఇది. అగ్నివీర్ నియామకంలో రాతపరీక్ష దాటినవారికి ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్-అప్స్, 9 అడుగుల గుంత దాటడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ ఉంటాయి. పరుగుకు గరిష్ఠంగా 60 మార్కులు, పది పుల్-అప్స్‌కు 40. వీటిలో దేనికీ వీపున సంచి ఉండదు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. అక్కడా బరువు లేదు. సరిహద్దుకు అవతల వి.కోట, కుప్పం, పుంగనూరు కుర్రాళ్లు ఆంధ్రప్రదేశ్ అటవీ బీట్ ఆఫీసర్ పోస్టులకు వెళితే పురుషులకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలకు 16 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది. ఆ నడకా ఉత్త చేతులతోనే.

బరువు మొదలయ్యేది చేరిన తర్వాత. యుద్ధ దేహదారుఢ్య పరీక్షలో జవాను ఆయుధం, సామగ్రితో 5 కిలోమీటర్లు పరిగెత్తాలి. పారాచూట్ రెజిమెంట్ ప్రత్యేక దళాలకు ముందుకొచ్చేవారి ప్రొబేషన్‌లో సుదూర లోడ్ మార్చ్‌లు ముఖ్యమైన గండం. ఆ రెజిమెంట్ శిక్షణ కేంద్రం బెంగళూరులోనే ఉంది. మిలిటరీ పోలీసు శిక్షణ కేంద్రమూ అక్కడిదే. 2021 మే 8న 83 మంది మహిళా జవాన్ల తొలి జట్టు శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది ఆ కేంద్రం నుంచే. కోలారు జిల్లా యువతకు ఈ కేంద్రాలు దగ్గర, వాటి గురించిన కథలు ఇంకా దగ్గర. ప్రొబేషన్‌లో మోసే బరువును విన్న కుర్రవాడు దాన్ని ర్యాలీ సాధనలోకి తెచ్చుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

అందుచేత అభ్యర్థులను రెండు వర్గాలుగా చూడాలి. ఒకరు 1,600 మీటర్ల సమయం తగ్గించుకోవాల్సినవారు. ఇంకొకరు ఇప్పటికే ఎంపికై, ప్రొబేషన్‌కో కమాండో కోర్సుకో ఆరు నెలలో ఏడాదో ముందుగా సిద్ధపడుతున్నవారు. ఇకపై చెప్పే బరువు లెక్కలు రెండో వర్గానికి చెందినవి.

ఒంటి బరువులో మూడో వంతు అనే మాట ఎక్కడిది?

సైనికుడు ఎంత మోయాలన్నది పాత ప్రశ్న. రోమన్ సైన్యంపై రాసిన వెజీషియస్ కొత్తగా చేరినవారిని 60 రోమన్ పౌన్ల బరువుతో తరచుగా నడిపించాలన్నాడు. అది మన కొలతలో 20 కిలోలకు కాస్త తక్కువ. ప్రయోగాలతో జవాబు వెతికింది మాత్రం 1890లలో బెర్లిన్‌లో జుంట్జ్, షుంబుర్గ్ అనే పరిశోధకులు. వైద్య విద్యార్థుల చేత రకరకాల బరువులు మోయించి, గుండె, శ్వాస, చెమట కొలిచారు. చల్లటి రోజున 22 కిలోల దాకా శరీరం తట్టుకుంది. వేడి రోజున అదే బరువు ఇబ్బంది పెట్టింది. 31 కిలోల దగ్గర చల్లటి రోజున కూడా దేహం దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. బరువును వాతావరణం నుంచి విడదీసి చూడకూడదని వంద సంవత్సరాల కిందటే తేలిందన్నమాట.

1923లో బ్రిటన్‌లో క్యాథ్‌కార్ట్, ఆయన సహచరులు సైనికుడి గరిష్ఠ బరువుపై అధ్యయనాలు ప్రచురించారు. 1950లో అమెరికా సైనిక రచయిత ఎస్.ఎల్.ఎ. మార్షల్ రెండు ప్రపంచ యుద్ధాల అనుభవాన్ని చూపుతూ, అధిక బరువు జవానును శత్రువు కన్నా ముందే అలసిపోయేలా చేస్తుందని వాదించాడు. ఒంటి బరువులో మూడో వంతు అనే మాట ఈ పరంపర నుంచే వ్యాపించింది. 1990 నాటి అమెరికా సైనిక మార్చ్ కరదీపిక పోరాట బరువును 48 పౌన్లకు, అంటే సుమారు 22 కిలోలకు, శత్రువును సమీపించే నడక బరువును 72 పౌన్లకు, అంటే సుమారు 33 కిలోలకు మించనివ్వవద్దని సూచించింది. 160 పౌన్ల మనిషికి ఇవి 30 శాతం, 45 శాతం అవుతాయి.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చుకుంటే తప్పు జరిగేది ఇక్కడే. 160 పౌన్లంటే దాదాపు 73 కిలోలు. మన అభ్యర్థి 58 కిలోలో 60 కిలోలో ఉంటే 30 శాతం అంటే 18 కిలోలు మాత్రమే. అతను 22 కిలోలు ఎత్తుకుంటే ఒంటి బరువులో 37 శాతం మోస్తున్నట్టు. అయితే దీనికి రెండో ముఖమూ ఉంది. పరీక్షలో సంచి తూకం అభ్యర్థి ఒంటిని బట్టి తగ్గదు. బక్కవాడికీ బలిష్ఠుడికీ ఒకటే. కాబట్టి శాతం లెక్క సాధన ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి పనికొస్తుంది. చివరికి ఎక్కడికి చేరాలో చెప్పేది పరీక్షే. చిన్న దేహం ఉన్నవాడికి ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువ. అతనికి కావాల్సింది ఎక్కువ బరువు కాదు, ఎక్కువ వ్యవధి.

బరువు, వేగం, వాలు: ఒక లెక్క

నడకలో ఖర్చయ్యే శక్తిని అంచనా వేయడానికి 1977లో పాండోల్ఫ్, ఆయన సహచరులు అమెరికా సైనిక పరిశోధన సంస్థలో ఒక సూత్రం తయారుచేశారు. ఒంటి బరువు, మోత, వేగం, వాలు, నేల రకం అనే ఐదింటిని కలిపి, దేహం క్షణక్షణం ఖర్చుపెట్టే శక్తిని వాట్లలో చెబుతుంది. 60 కిలోల మనిషిని తీసుకుని దీన్ని వేసి చూద్దాం. నేల చదునైన తారు రోడ్డు, వేగం గంటకు 5.5 కిలోమీటర్లు.

ఉత్త చేతులతో నడిస్తే ఖర్చు సుమారు 300 వాట్లు. 10 కిలోలతో 339. 15 కిలోలతో 362. 20 కిలోలతో 388. 25 కిలోలతో 417. 30 కిలోలతో 450. మొదటి పది కిలోలకు పెరిగింది 39 వాట్లు, చివరి పది కిలోలకు 62. పైకి పోయేకొద్దీ ఒక్కో కిలో మరింత ఖరీదవుతోంది.

ఇప్పుడు బరువు తీసేసి వేగం పెంచుదాం. ఉత్త చేతులతో గంటకు 6.5 కిలోమీటర్ల నడకకు 383 వాట్లు. 5.5 వేగంతో 20 కిలోలు మోయడానికి అయ్యేది 388. అంటే వేగం ఒక్క కిలోమీటరు పెంచడం ఇరవై కిలోలు ఎత్తుకోవడంతో దాదాపు సమానం. అటవీ శాఖ నడక పరీక్షలో 4 గంటల్లో 25 కిలోమీటర్లంటే గంటకు 6.25. అందుకు 361 వాట్లు కావాలి. వీపున 15 కిలోలతో 5.5 వేగంతో నడిచేవాడి ఖర్చూ అంతే. ఆ పరీక్షకు వెళ్లేవాడు సంచి లేకుండానే లోడ్ మార్చ్ చేస్తున్నాడు.

ఇక వాలు. నూరు మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే బాటలో, అదే 5.5 వేగంతో, ఉత్త చేతులతో నడిస్తే 460 వాట్లు. చదునులో 30 కిలోలు మోసిన దానికన్నా ఎక్కువే. అదే వాలులో 20 కిలోలు వేసుకుంటే 602. నేల రకం కూడా ఇలాగే పనిచేస్తుంది. మట్టిబాటకు ఈ సూత్రం నడక భాగాన్ని 1.1తో, వదులు ఇసుకకు 2.1తో గుణిస్తుంది. 20 కిలోల మోతకు తారు రోడ్డు మీద 388 అయిన ఖర్చు వదులు ఇసుకలో 696 అవుతుంది.

ఈ సూత్రాన్ని అతిగా నమ్మడానికీ లేదు. నేటి సైనిక సామగ్రితో పోల్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులు ఇది అసలు ఖర్చు కన్నా తక్కువ చూపుతోందని 2017లో రాశారు. గంటల తరబడి నడిచేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, అది ఇందులో లేదు. దిగుడు వాలును ఇది లెక్కగట్టలేదు. అయినా ఒక సంగతిలో తడబాటు లేదు. గుండెకూ ఊపిరికీ కష్టం పెట్టాలంటే బరువు ఒక్కటే మార్గం కాదు. కోలారు పక్కన అంతరగంగ కొండ, తేరహళ్లి, ముళబాగిలు దగ్గర ఆవని కొండ ఉన్నాయి. అంత వాలు చేతిలో ఉన్నవాడికి బరువుతో తొందర లేదు.

మరి సంచి ఎందుకు? భుజాలు పట్టీల ఒత్తిడికి, నడుము ముందుకు వంగిన భంగిమకు, పాదాల చర్మం అదనపు రాపిడికి, ఎముక అదనపు తాకిడికి అలవాటు పడటానికి. వీటిని పరుగు నేర్పదు. అందుకే బరువును పూర్తిగా వదిలేయడమూ పొరపాటే.

మన దేహాలపై జరిగిన అధ్యయనాలు

ఈ రంగంలో అధ్యయనాలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్, ఇజ్రాయెల్, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా సైన్యాలవి. భారతీయ అధ్యయనాలు కొద్దివే అయినా వాటి విలువ పెద్దది. 1971లో దత్తా, రామనాథన్ ఒకే 30 కిలోల బరువును ఏడు రకాలుగా మోయించి పోల్చారు. ముందూ వెనకా చెరిసగం సంచులు, నెత్తిన, వీపు సంచి, నుదుటి పట్టీతో షేర్పా పద్ధతి, బియ్యం బస్తా పద్ధతి, కావడి, రెండు చేతులు. ముందూ వెనకా సమంగా పంచిన సంచులకు అన్నిటికన్నా తక్కువ శక్తి పట్టింది. చేతులతో మోయడం అన్నిటికన్నా ఖరీదు. మన ఊళ్లలో నెత్తిన గంప, భుజాన కావడి చూసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. బరువు ఒంటి నడిమధ్యకు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక.

బరువు ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో పాదాల విషయంలో మరీ స్పష్టం. పాదాలకు కట్టిన ఒక కిలో, ఒంటి నడుమ మోసే కిలో కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఖరీదని 1969లో సూల్, గోల్డ్‌మన్ కొలిచారు. కాళ్లకు ఇసుక పట్టీలు కట్టుకుని పరిగెత్తే అలవాటున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. అది సంచి మోతకు ప్రత్యామ్నాయం కాదు, కాలి అడుగు తీరునే మారుస్తుంది.

ఢిల్లీలోని రక్షణ శరీరధర్మ శాస్త్ర సంస్థ, డిపాస్, భారతీయ పదాతి సైనికులపై వరుస అధ్యయనాలు చేసింది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో జవాన్లు 4.2 నుంచి 17.5 కిలోల దాకా మోశారు. ఒంటి బరువులో అది 6.5 నుంచి 27.2 శాతం. అంటే ఆ జవాన్ల సగటు బరువు 64 కిలోల చుట్టుపక్కల. మన అభ్యర్థులకు దగ్గరి దేహాలే. పెద్దగా బరువు కానప్పుడు కూడా అడుగు తీరులో, కీళ్ల కదలికలో కొలవదగ్గ మార్పులు కనిపించాయి. పది కిలోలేగా అని కొట్టిపారేయకూడదనే దీని సారం. మోసేవాడికి తెలియకుండానే దేహం తన నడకను మార్చుకుంటోంది.

ఎంత తరచుగా?

రోజూ సంచి వేసుకుంటే త్వరగా అలవాటవుతుందన్న నమ్మకానికి ఆధారాల అండ లేదు. 1990లో నాపిక్, ఆయన సహచరులు అమెరికా పదాతి సైనికులను నెలకు ఒక్కసారి కూడా లోడ్ మార్చ్ చేయనివారు, ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు చేసేవారు అని నాలుగు జట్లుగా విభజించి, చివరికి 46 కిలోలతో 20 కిలోమీటర్లు నడిపించారు. రెండు, నాలుగుసార్లు చేసినవారు మిగతా రెండు జట్ల కన్నా ముందున్నారు. కానీ ఆ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2005లో వచ్చిన డచ్చి సైన్యపు అధ్యయనం వారానికొకసారి సాధన పదిహేను రోజులకొకసారి సాధన కన్నా మెరుగంది. దూరం పెంచినవారి కన్నా బరువు, తీవ్రత పెంచినవారు ఎక్కువ లాభపడ్డారని కూడా చూపింది. ఈ వ్యాసం వాదనకు ఇది కొంత ఎదురు సాక్ష్యమే, దాన్ని పక్కన పెట్టకూడదు. అయితే ఆ అధ్యయనంలో ఉన్నవారు అప్పటికే సైనికులు, పర్యవేక్షణలో నడిచినవారు.

2010లో ఆస్ట్రేలియాకు చెందిన ఆర్, ఆయన సహచరులు గాయాలు తగ్గించే కోణంలో ఉన్న అధ్యయనాలన్నీ సమీక్షించి, పది నుంచి పద్నాలుగు రోజులకొక బరువు నడక చాలన్నారు. 2012లో నాపిక్ బృందం చేసిన సమీక్ష మరో ముఖ్య విషయం తేల్చింది. పరుగు, కండబల వ్యాయామం, క్రమంగా పెరిగే బరువు నడక, ఈ మూడూ కలిసినప్పుడే ఫలితం పెద్దది. ఒక్క పరుగుతో మోత సామర్థ్యం పెరగడం తక్కువ. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బీమ్, నడుము కండరాల వ్యాయామాలు వారానికి రెండు మూడు సార్లు చేసేవాడికి సంచి రోజూ ఎక్కించుకోవాల్సిన అవసరం లేదు.

కేజీఎఫ్‌కు దీన్ని అన్వయిస్తే ఇంకో సంగతి కలుస్తుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఈ ఊరి బతుకు రైలెక్కింది. మారికుప్పం నుంచి బెంగళూరుకు తెల్లవారకముందే బయలుదేరి, చీకటిపడ్డాక తిరిగొచ్చేవారిలో సైన్యం కోసం సిద్ధపడే కుర్రాళ్లూ ఉంటారు. నిద్ర తక్కువ, తిండి వేళ తప్పుతుంది. ఎముక, కండరం బలపడేది సాధన వేళలో కాదు, విశ్రాంతి వేళలో. అలాంటి దినచర్య ఉన్నవాడికి పద్నాలుగు రోజులకొక బరువు నడక అన్న సూచనే పద్ధతిగా ఉంటుంది.

ఏ గాయాలు, ఎందుకు?

నాపిక్ బృందమే 1992లో సైనికుల 46 కిలోల, 20 కిలోమీటర్ల మార్చ్‌ను పరిశీలించింది. 24 శాతం మందికి ఏదో ఒక గాయం. బొబ్బలు, నడుము నొప్పి ముందువరుసలో ఉన్నాయి. నడక మధ్యలో ఆపేసినవారిలో సగం మందికి నడుమే కారణం. శిక్షణ పొందిన సైనికుల మాట ఇది. 60 కిలోల అభ్యర్థికి 46 కిలోలంటే ఒంటి బరువులో 77 శాతం.

బొబ్బలు వారంలో మానతాయి. ఎముక పగులు అంత త్వరగా మానదు. కొత్త భారం పడ్డప్పుడు ఎముక మొదట పాత కణజాలాన్ని తొలగించి, తర్వాత కొత్తది కడుతుంది. ఆ మధ్య వారాల్లో అది మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. అదే సమయంలో కండరాలు మాత్రం బలపడిపోయి, ఇంకా మోయగలనన్న ధీమా ఇస్తాయి. మూడో వారంలోనో నాలుగో వారంలోనో మోకాలి కింద ఎముకలో వేలుపెట్టి చూపగలిగే ఒకే చోట నొప్పి మొదలైతే దాన్ని మామూలు షిన్ పెయిన్ అనుకుని పరిగెత్తకూడదు. రాత్రిపూట కూడా నొప్పి ఉంటే ఎముకల వైద్యుణ్ని చూడాల్సిందే. శిక్షణలో ఇలాంటి ఎముక పగుళ్లు పురుషుల కన్నా మహిళల్లో ఎక్కువని పలు సైన్యాల అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి మహిళా అభ్యర్థులు బరువు పెంచే వేగాన్ని ఇంకా తగ్గించుకోవడం మేలు.

మరో గాయం భుజం నరాలది. నడుము బెల్టు లేని సంచి బరువంతా పట్టీల మీదే వేలాడితే చేతికి వెళ్లే నరాలు నలిగి తిమ్మిరి, చెయ్యి ఎత్తలేకపోవడం వస్తాయి. బరువును తుంటికి పంచే బెల్టు ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. జవాన్లు పిట్టూ అని పిలిచే సైనిక సంచి దొరక్కపోతే నడుము బెల్టున్న ట్రెక్కింగ్ సంచి వాడాలి, కాలేజీ బ్యాగు కాదు.

కోలారు జిల్లాకు ప్రత్యేకమైన ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఈ జిల్లాలో చాలా చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ అనుమతించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల మోతాదును దాటుతుంది. ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ తొలి లక్షణాలు కీళ్లు బిగుసుకుపోవడం, నడుము నొప్పి. బరువు నడకతో వచ్చే నొప్పులూ అవే. చిన్నప్పటి నుంచి అలాంటి బోరు నీరు తాగి పెరిగి, పళ్ల మీద మచ్చలున్న కుర్రవాడికి నడుము బిగుతు తగ్గకుండా ఉంటే దాన్ని సంచి మీదకు నెట్టేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

గనులు నేర్పిన వేడి పాఠం

మోత గురించిన చర్చలో వేడిని మరచిపోవడం సాధారణం. కేజీఎఫ్‌లో అది మరచిపోకూడని సంగతి. చాంపియన్ రీఫ్ గని భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగింది. ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చల్లగాలి పంపినా కార్మికులు ఉక్కలోనే పనిచేశారు. కోలారు గనుల్లో భూగర్భ కార్మికులు వేడికి కుప్పకూలడంపై కాప్లాన్ అనే వైద్యుడు 1944లో ఒక విశ్లేషణ ప్రచురించాడు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కొత్త కార్మికులను నేరుగా లోతుకు పంపకుండా, వేడిలో కొలిచిన వ్యాయామం చేయించి అలవాటు చేశాకే పంపే పద్ధతి వచ్చింది. ఈ రకం గని వైద్యం నుంచే వేడికి అలవాటు పడటం అన్న శాస్త్రం చాలావరకు పెరిగింది. ఆ అలవాటుకు సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, కొన్ని వారాలు ఆపేస్తే పోతుంది.

సంచికీ దీనికీ సంబంధం ఏమిటి? చదునులో నడిచేవాడు ఖర్చుపెట్టే శక్తి దాదాపుగా వేడిగా మారుతుంది. 20 కిలోలతో 388 వాట్లంటే, ఆ వేడిని చెమట ఒక్కదానితోనే పోగొట్టుకోవాలంటే గంటకు అర లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. కారిపోయిన చెమట లెక్కలోకి రాదు. పైగా వీపున అంటుకున్న సంచి ఆ మేర చర్మానికి గాలి తగలనివ్వదు. 2013 జూలైలో వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో ప్రత్యేక దళ ఎంపిక మార్చ్‌లో ముగ్గురు రిజర్వు సైనికులు వేడికి ప్రాణాలు కోల్పోయారు. ఎండ పెరిగినా మార్చ్ ఆపకపోవడం 2015 నాటి విచారణలో తీవ్ర విమర్శకు గురైంది. సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉండటం వల్ల కోలారు ఉదయాలు చల్లగానే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటాక ఆ మాట చెల్లదు. బరువు పెంచే వారం, ఎండలు ముదిరే వారం ఒకటి కాకుండా చూసుకోవాలి.

నేల విషయంలో కూడా ఒక మాట. గనుల వ్యర్థాలతో ఏర్పడిన సైనైడ్ దిబ్బలు చూడటానికి ఇసుక కొండల్లా ఉండి సాధనకు అనువుగా కనిపిస్తాయి. వదులు నేల ఖర్చును దాదాపు రెట్టింపు చేస్తుందని పైన చూశాం కూడా. కానీ అది బంగారాన్ని రసాయనాలతో విడదీయగా మిగిలిన సన్నని పొడి. గాలికి లేచే ఆ ధూళిని, మామూలు కన్నా ఎన్నో రెట్లు గాలి పీల్చుకుంటూ, ఊపిరితిత్తుల్లోకి దించుకోవడం ఏ లెక్కనా లాభం కాదు. అదే కష్టం అంతరగంగ మెట్లు ఇస్తాయి.

ఆధారాలు అనుమతించే సూచన

కింద చెప్పేది పై అధ్యయనాల నుంచి అల్లిన అంచనా. ఈ క్రమాన్ని ఇలాగే పరీక్షించిన అధ్యయనం లేదు కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

ర్యాలీ ఇంకా దాటని అభ్యర్థి బరువు సున్నా. అతనికి పరుగు, బీమ్, కాళ్ల బలం చాలు. సంచితో పరిగెత్తడం వల్ల 1,600 మీటర్ల సమయం తగ్గుతుందనడానికి ఆధారం బలహీనం, గాయానికి అవకాశం బలమైనది.

ఎంపికై ముందుకు సిద్ధపడేవాడు మొదటి నాలుగు వారాలు సంచి లేకుండా గంట నుంచి గంటన్నర వేగంగా నడవాలి, వారానికి రెండుసార్లు కండబల వ్యాయామం చేయాలి. గంటకు 6 కిలోమీటర్ల వేగం తేలికయ్యాకే సంచి. ఐదో వారం నుంచి ఒంటి బరువులో పదో వంతుతో మొదలు. 60 కిలోలవాడికి 6 కిలోలు. పది రోజులకొకసారి నడక, రెండు నడకలకొకసారి 2 కిలోల పెంపు. ఇలా నాలుగో నెల ముగిసేసరికి 15 కిలోల దరికి, అంటే నాలుగో వంతుకు చేరతాడు. ఒంటరి సాధనలో మూడో వంతును హద్దుగా పెట్టుకోవడం మంచిది. ఆ పైన మోయడం యూనిట్‌లో, వైద్యుడు, శిక్షకుడు అందుబాటులో ఉన్నప్పుడు చేయాల్సిన పని. బరువు, దూరం, వేగం, వాలు, ఈ నాలుగింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచాలి. బరువు పెంచిన రోజు దూరం తగ్గించాలి.

సంచిలో ఏం పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఇటుకలు లోపల కదిలి వీపును కొడతాయి. ఇసుక కిందికి జారి నడుమును వెనక్కి లాగుతుంది. రెండు లీటర్ల నీళ్ల సీసాలు మేలు. ఒక్కోటి రెండు కిలోలు, తూకం అక్కరలేదు. ఐదు సీసాలు పది కిలోలు. దుప్పటి అడుగున మడిచి, సీసాలను వీపుకు ఆనించి భుజాల ఎత్తున బిగించాలి. అంతరగంగ మీదకు ఎక్కేటప్పుడు నిండుగా మోసి, పైన కొన్ని పారబోసి, తేలిక సంచితో దిగవచ్చు. దిగేటప్పుడు తొడ కండరం మీద, మోకాలి మీద పడే దెబ్బను సూత్రాలు లెక్కించలేకపోయినా మోకాలు లెక్కిస్తుంది.

బరువుతో పరుగు వద్దు. వేగం కావాలంటే అడుగుల సంఖ్య పెంచాలి, అంగ పెంచకూడదు. అమెరికా సైన్యంలో నిపుణ పదాతి బ్యాడ్జి మార్చ్‌కు సుమారు 16 కిలోలతో 19 కిలోమీటర్లు 3 గంటల్లో పూర్తిచేయాలి. గంటకు 6.4 కిలోమీటర్లు. వేగంగా నడిచేవాడికి అది నడకకు అందే వేగమే. ఇంత పేరున్న పరీక్ష కూడా 30 కిలోలు అడగడం లేదన్నది గమనించదగ్గది.

ఈ ముగింపులు ఎంతవరకు నిలుస్తాయి?

పై సూచనలకు మూడు బలహీనతలున్నాయి. అధ్యయనాల్లో పాల్గొన్నవారు ఎక్కువమంది అప్పటికే సైనికులు, అభ్యర్థులు కారు. వారిలో ఎక్కువమంది మనకన్నా బరువైన దేహాల వారు. చాలా అధ్యయనాలు ఎనిమిది, పది వారాలకే ముగిశాయి, ఎముకకు జరిగే మేలు కీడులు అంత త్వరగా తేలవు. అయినా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు దశాబ్దాల్లో జరిగిన పరిశీలనలు ఒక దిశలోనే చూపుతున్నాయి. మోత సామర్థ్యం పరుగు, బలం, అప్పుడప్పుడు మోత కలిసినప్పుడు పెరుగుతుంది. రోజువారీ భారీ మోతతో గాయాలు పెరుగుతాయి.

ఈ లోటును కోలారు జిల్లాలోనే కొంత పూడ్చవచ్చు. అభ్యర్థులకు శిక్షణ ఇచ్చే మైదానాలు, మాజీ సైనికులు నడిపే తరగతులు ప్రతి ఒక్కరి ఒంటి బరువు, మోసిన బరువు, దూరం, సమయం, ఎక్కడ నొప్పి వచ్చింది అన్న ఐదు సంగతులు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచితే, రెండు మూడు నియామక సంవత్సరాల్లో 60 కిలోల దేహాలపై ఏ పుస్తకంలోనూ లేని సమాచారం చేతికొస్తుంది. అప్పటిదాకా అభ్యర్థి తన శిక్షకుణ్ని సంచి ఎక్కించుకునే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నేను వెళ్లే పరీక్షలో బరువు ఉందా? లేదన్న జవాబు వస్తే సంచి ఇంట్లో పెట్టి పరుగుకు వెళ్లడమే ఆధారాలు చెప్పే దారి.